మూడు రోజుల లాజిక్ సదస్సు: అందరూ ఒకే హాల్లోనా, రెండు హాళ్లలోనా?

నల్లబల్ల
మూడు రోజుల మ్యాథమెటికల్ లాజిక్ సదస్సుకి ప్రోగ్రామ్ వేసే పని నా మీద పడింది. సెట్ థియరీ (అనంత సమితుల లెక్క), మోడల్ థియరీ (సూత్రాలని తీర్చే నిర్మాణాల అధ్యయనం), కంప్యూటబిలిటీ (కంప్యూటర్‌తో ఏది లెక్కించగలం, ఏది లేం), ప్రూఫ్ థియరీ (నిరూపణల మీదే అధ్యయనం), నాలుగు వైపుల నుంచీ అబ్‌స్ట్రాక్టులు (టాక్ సారాంశాలు) వచ్చాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లవీ కొన్ని ఉన్నాయి. అందరికీ టైం ఇవ్వాలంటే ఒక్క హాలు చాలదు. కమిటీలో సగంమంది రెండు హాళ్లలో ఒకేసారి నడిపేద్దాం అంటున్నారు. మిగతా సగం, ఆ మాత్రం దానికి కలవడం ఎందుకు, ఎవరి సెమినార్ వాళ్లు పెట్టుకోవచ్చుగా అంటున్నారు. నా మనసు రెండోవాళ్ల వైపే ఉంది కానీ గంటల లెక్క కుదరట్లేదు. ఈమధ్య నేను వెళ్లిన ఒక సదస్సులో మోడల్ థియరీ హాల్లో మోడల్ థియరీ వాళ్లే, సెట్ థియరీ హాల్లో సెట్ థియరీ వాళ్లే. చివరిదాకా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. మా దగ్గర అలా జరగకూడదు. సదస్సు నడిపినవాళ్లు, టాక్ ఇచ్చినవాళ్లు, ఊరికే వినడానికి వెళ్లినవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి.

ఫోర్సింగ్_పక్షం
ఒకే హాలు. టాక్‌లు తగ్గించండి.

లెమ్మా_చాలు
తగ్గించండి అనడం తేలికే. తగ్గేవి ఎవరివి? పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలవే. పెద్ద ప్రొఫెసర్ ప్లీనరీ (అందరికీ ఉమ్మడిగా పెట్టే ఉపన్యాసం) గంట నుంచి ముప్పావుగంటకి దించమని ఎవరూ అడగరు. పైగా చాలా సంస్థలు టాక్ ఉంటేనే ప్రయాణ ఖర్చు ఇస్తాయి. అబ్‌స్ట్రాక్ట్ తిప్పి పంపారంటే ఆ మనిషిని రావద్దన్నట్టే.

ఫోర్సింగ్_పక్షం
అది నిజమే. పోనీ 20 నిమిషాలవి 15 చేస్తే?

ప్రయారిటీ_వాదం
20 చాలక చస్తుంటే 15 ఎక్కడిదండీ! కంప్యూటబిలిటీ వాళ్లం రిక్వైర్‌మెంట్లు, అంటే నిర్మాణం తీర్చాల్సిన షరతులు, బోర్డు మీద రాసేసరికే బెల్లు కొట్టేస్తారు.

పాత_సంచికలు
ఒకే హాలు అంటున్నవాళ్లకి ఒక పాత సంగతి. 1904లో హైడెల్‌బర్గ్‌లో అంతర్జాతీయ గణిత మహాసభ జరిగింది. అందులో హంగేరీ గణితజ్ఞుడు కోనిగ్, కంటిన్యువమ్ (వాస్తవ సంఖ్యల సమితి) పరిమాణం ఏ ఆలెఫ్‌కీ (వరసలో పెట్టగలిగే అనంత సమితుల పరిమాణాలు) సమానం కాదని నిరూపించానన్నాడు. అది నిజమైతే సెట్ థియరీ పుట్టించిన కాంటర్ జీవితమంతా నమ్మినది కూలిపోతుంది. ఆ ఒక్క ఉపన్యాసం అందరూ వినాలని మిగతా విభాగాల సమావేశాలు ఆపేశారు. కాంటర్ కూడా ఆ సభలోనే ఉన్నాడు.

తర్వాత చూస్తే నిరూపణలో లోపం ఉంది. కోనిగ్ వాడుకున్నది బెర్న్‌స్టైన్ థీసిస్‌లోని ఒక సూత్రం. అది అన్ని ఆలెఫ్‌లకీ చెల్లదు. ఆలెఫ్ ఒమేగా (ఆలెఫ్ సున్నా, ఒకటి, రెండు అలా అన్నిటి తర్వాత వచ్చేది) లాంటివాటి దగ్గర తప్పుతుంది. కానీ వాదం మొత్తం వృథా పోలేదు. కంటిన్యువమ్ ఆలెఫ్ ఒమేగా కాజాలదన్నది అందులోంచే మిగిలింది, ఈ రోజుకీ పాఠాల్లో చెబుతాం. ఏ సమితినైనా వరసలో పెట్టొచ్చనే వెల్ ఆర్డరింగ్ నిరూపణ జెర్మెలో రాసిందీ ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఒక్క మాట వినిపిస్తే ఎంత కదలిక వస్తుందో చూడండి.

లెమ్మా_చాలు
బాగా చెప్పారు. కానీ అది ఒక్క ఉపన్యాసం సంగతి. నల్లబల్ల గారి ముందున్నది బోలెడన్ని చిన్న టాక్‌లు. అన్నింటికీ అందరూ కూర్చుంటే మధ్యాహ్నానికి సగం హాలు ల్యాప్‌టాప్‌లు తెరుచుకుంటుంది.

మాన్‌స్టర్_మోడల్
పైవాళ్లిద్దరూ చెప్పింది కలపొచ్చు. లాజిక్ కొలోక్వియం (యూరప్‌లో ఏటా జరిగే లాజిక్ సదస్సు) వాళ్లు చాలా ఏళ్లుగా చేసేది అదే. ప్లీనరీలు, ట్యుటోరియళ్లు అందరికీ ఉమ్మడి. తర్వాత అంశాలవారీగా ప్రత్యేక సెషన్లు. చిన్న టాక్‌లు సమాంతరంగా. ఉమ్మడి భాగం గట్టిగా ఉంటే మధ్యాహ్నం విడిపోయినా నష్టం లేదు.

అసలు చూసుకోవాల్సింది ట్యుటోరియల్ ఎవరికి అప్పజెప్తున్నారన్నది. మోడల్ థియరీ వాళ్లలో చాలామంది "మాన్‌స్టర్ మోడల్ ఒకటి తీసుకుందాం" అని మొదలుపెట్టేస్తారు. చిన్న మోడళ్లన్నీ ఇమిడిపోయే ఒక పెద్ద మోడల్ అది. పక్కవాడికి అక్కడే తలుపు మూసుకుపోతుంది. నన్నడిగితే ఆక్స్ సిద్ధాంతంతో మొదలుపెట్టమంటాను. సంకీర్ణ సంఖ్యల మీద, రెండువైపులా చలరాశుల సంఖ్య ఒకటే అయిన ఒక బహుపది మ్యాప్, ఎన్ని చలరాశులున్నా సరే, ఇంజెక్టివ్ (వేర్వేరు బిందువులు వేర్వేరు చోట్లకే వెళ్లేది) అయితే సర్జెక్టివ్ (ఏ బిందువూ ఖాళీగా మిగలనిది) కూడా అవుతుంది. పరిమిత ఫీల్డు (కూడికలు, భాగహారాలు కుదిరే పరిమిత సంఖ్యా వ్యవస్థ) మీద ఇది పిల్లలకి కూడా తెలుసు: పరిమిత సమితి తనలోకి తాను ఇంజెక్టివ్‌గా వెళ్తే అంతా నిండుతుంది. పరిమిత ఫీల్డు ఆల్జీబ్రాయిక్ క్లోజర్ (ప్రతి బహుపదికీ మూలం దొరికేలా పెంచిన ఫీల్డు) అంటే పరిమిత ఫీల్డుల సమ్మేళనమే కాబట్టి అక్కడా నిలుస్తుంది. ఇక మిగిలింది కాంపాక్ట్‌నెస్ (పరిమిత భాగాలన్నీ నిలిస్తే మొత్తమూ నిలుస్తుందనే సిద్ధాంతం). ఆల్జీబ్రాయికల్లీ క్లోజ్డ్ ఫీల్డుల్లో, లక్షణాంకం (1ని ఎన్నిసార్లు కూడితే సున్నా వస్తుందో ఆ సంఖ్య, ఎప్పటికీ రాకపోతే సున్నా) ఎంత పెద్ద ప్రైమ్ అయినా నిజమైన ఫస్ట్ ఆర్డర్ వాక్యం (ఫీల్డు మూలకాల గురించే చెప్పే వాక్యం) లక్షణాంకం సున్నా దగ్గరా నిజమే. పది నిమిషాల్లో అయిపోతుంది. లాజిక్‌తో లాజిక్ బయటి పని ఎలా జరుగుతుందో సెట్ థియరీ మనిషికీ, ప్రూఫ్ థియరీ మనిషికీ ఒకేసారి కనబడుతుంది. ఆ తర్వాత ఎంత లోతుకి తీసుకెళ్లినా వెంట వస్తారు.

కట్_ఎలిమినేషన్
ప్రూఫ్ థియరీకి అలాంటిది గుడ్‌స్టైన్ సీక్వెన్స్. సంఖ్యని, ఘాతాంకాలతో సహా, 2 ఘాతాల్లో రాసి, 2లన్నీ 3 చేసి 1 తీసేయాలి; తర్వాత 3లన్నీ 4 చేసి 1 తీసేయాలి, అలా. 3తో మొదలుపెట్టి బోర్డు మీద చేసి చూపించాలి: 3, 3, 3, 2, 1, 0. ఆరు అంకెల్లో అయిపోయింది. 4తో మొదలుపెడితే ఆగుతుంది గానీ ఎప్పటికి ఆగుతుందో ఊహకి కూడా అందదు. ప్రతి సంఖ్యకీ ఆగుతుందని 1944లో గుడ్‌స్టైన్ చూపించాడు. ఆ సంగతి సహజ సంఖ్యల మామూలు స్వయంసిద్ధాల వ్యవస్థ పియానో అరిథ్‌మెటిక్‌లో నిరూపించలేమని 1982లో కిర్బీ, పారిస్ చూపించారు. ఇది చెప్పాక ఎప్సిలాన్ సున్నా (పియానో అరిథ్‌మెటిక్ బలాన్ని కొలిచే అనంత సంఖ్య) అన్నామనుకోండి, హాలు మొత్తం నిటారుగా కూర్చుంటుంది.

ఫోర్సింగ్_పక్షం
ఇలాంటి ట్యుటోరియళ్లు ఉంటే నేనూ రెండు హాళ్లకి ఒప్పుకుంటా. ఉదయం అంతా ఉమ్మడి అని రాసిపెట్టండి మరి.

కొత్త_కండిషన్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇంకో సదస్సులో నా మొదటి టాక్ ఒప్పుకున్నారు, 20 నిమిషాలు. ఫైనైట్ ఇంజురీ (ఒక షరతు ఇంకోదాన్ని పరిమితంగా మాత్రమే చెడగొట్టే పద్ధతి)తో ఒక నిర్మాణం. నిరూపణ పేపర్లో చాలా పేజీలు. మా గైడ్ "మొత్తం చెప్పొద్దు" అని వదిలేశారు. ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

ప్రయారిటీ_వాదం
కొత్త_కండిషన్, ఇది మన ఇంటి సంగతే కాబట్టి వివరంగా చెప్తా. మొదటి మూడు నిమిషాలు సిద్ధాంతం ఏమిటో, ఎవరడిగిన ప్రశ్నకి జవాబో. ఎమిల్ పోస్ట్ ప్రశ్న తెలుసుగా, 1944. హాల్టింగ్ ప్రాబ్లమ్‌కీ (ప్రోగ్రామ్ ఆగుతుందో లేదో చెప్పడం), కంప్యూటబుల్ సెట్లకీ నడుమ కంప్యూటబ్లీ ఎన్యూమరబుల్ డిగ్రీ (ప్రోగ్రామ్‌తో ఒక్కొక్కటిగా జాబితా చేయగల సెట్ల కష్టస్థాయి) ఉందా అని. దానికి జవాబు ముచ్నిక్ 1956లో, ఫ్రీడ్‌బర్గ్ 1957లో విడివిడిగా ఇచ్చారు. వాళ్ల పద్ధతే నీది కూడా కాబట్టి అక్కడి నుంచి ఒక్క వాక్యంలో నీ దగ్గరకి వచ్చేయొచ్చు.

తర్వాత ఒకే ఒక్క రిక్వైర్‌మెంట్ బోర్డు మీద రాయి. పక్కన వేరే ఏదీ లేకపోతే దాన్ని ఎలా తీరుస్తావో చెప్పు: ఒక సాక్షిని (పరీక్షకి వాడే సంఖ్యని) ఎంచుకో, గణన ఆగేదాకా చూడు, ఆగాక సాక్షిని సెట్‌లో వేసి, ఆ గణన చూసిన భాగాన్ని ఎవరూ ముట్టుకోకుండా కాపాడు. అంతే. ఇప్పుడు రెండో రిక్వైర్‌మెంట్ రాయి. దీనికన్నా పైది. అది వచ్చి నువ్వు కాపాడినదాంట్లోనే ఒక సంఖ్య వేస్తుంది. కిందది గాయపడింది, కొత్త సాక్షితో మళ్లీ మొదలు. పైవాటి సంఖ్య పరిమితం, ఒక్కొక్కటీ పరిమితంగానే గాయపరుస్తుంది, కాబట్టి ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు కుదురుకుంటుంది. దీనికి పది నిమిషాలు. ఆఖర్న నీ నిర్మాణంలో కొత్తగా ఏం అడ్డొచ్చిందో, దాన్ని ఏ ఆలోచనతో దాటావో చెప్పు. వెరిఫికేషన్ లెమ్మాలు (నిర్మాణం సరైనదని చూపే చిన్న మెట్లు) ఒక్కటి కూడా స్లైడ్ మీద పెట్టకు. కావాల్సినవాళ్లు ఆర్కైవ్‌లో (పేపర్లు ఉచితంగా పెట్టే arXiv సైట్) చూసుకుంటారు.

కొత్త_కండిషన్
నేను వెరిఫికేషన్‌కే ఆరు స్లైడ్లు చేశా 😀 తీసేస్తున్నా.

ప్రయారిటీ_వాదం
పారేయకు. చివరి స్లైడ్ తర్వాత దాచి ఉంచు. ఎవరైనా అడిగితే తీయొచ్చు.

ఫోర్సింగ్_పక్షం
సెట్ థియరీ టాక్‌కీ ఇదే సూత్రం. ఫోర్సింగ్ (కొత్త సెట్లని చేర్చే పద్ధతి) కండిషన్, అంటే ఆ కొత్త సెట్ గురించిన పాక్షిక సమాచారం, ఎలా ఉంటుందో ఒక్కటి బొమ్మ గీసి చూపించాలి. కార్డినళ్లు (అనంత పరిమాణాలు) ఎందుకు కూలవో, అంటే సీసీసీయో ప్రాపర్‌నెస్సో (కూలకుండా చూసే లక్షణాలు), ఆ లెమ్మా చెప్పాలి. డెన్సిటీ వాదాలన్నీ "సులభం" అని దాటేయొచ్చు. లార్జ్ కార్డినల్ (మామూలు సూత్రాలతో ఉందని నిరూపించలేని భారీ అనంతం) వాడితే మాత్రం అది మొదటి స్లైడ్‌లోనే ఉండాలి. చివర్లో బయటపెడితే ముందున్న ప్రూఫ్ థియరీ వాళ్లు మోసపోయినట్టు చూస్తారు.

కట్_ఎలిమినేషన్
చూస్తాం మరి. మేం అరిథ్‌మెటిక్‌లో ఒక్క ఇండక్షన్ ఎక్కువ వాడటానికే ఆలోచించే మనుషులం.

టైప్_తనిఖీ
కంప్యూటర్ సైన్స్ వైపు నుంచి ఒక మాట. నల్లబల్ల గారూ, మీ సదస్సు ప్రొసీడింగ్స్ వేస్తోందా, అబ్‌స్ట్రాక్టులేనా? వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే చెప్పేయండి. లిక్స్, సీఎస్ఎల్ లాంటి కంప్యూటర్ సైన్స్ లాజిక్ సదస్సుల్లో పూర్తి పేపరు పంపాలి, రివ్యూ జరుగుతుంది, ప్రొసీడింగ్స్‌లో వస్తే అదే ప్రచురణ. లాజిక్ కొలోక్వియం తరహా వాటిలో అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే, అసలు పేపరు జర్నల్‌కి వెళ్తుంది. ఈ తేడా తెలియక మావాడొకడు ఒక గణిత సదస్సుకి పన్నెండు పేజీలు పంపి, అందులో ఒక్క పేరా మాత్రమే అచ్చయ్యేసరికి కూలబడిపోయాడు. అటువైపు వాళ్లు ఇటు పేరా పంపి తిరస్కారం తెచ్చుకోవడమూ చూశాం.

నల్లబల్ల
అబ్‌స్ట్రాక్టులేనండి. అది పెద్దక్షరాల్లో పెట్టిస్తా. మంచి మాట చెప్పారు.

లెమ్మా_చాలు
తేదీల వరస గురించి కూడా పట్టించుకోండి. ఒక చోట ప్రయాణ సహాయం ఎవరికిస్తారో చెప్పింది, తగ్గింపు రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయాక. డబ్బు వస్తుందో రాదో తెలియకుండా విద్యార్థి ముందే ఎలా కడతాడు? దాటాక ఎక్కువ ఫీజు. వీసాకి ఆహ్వాన పత్రం ఇంకా ఆలస్యం. మా ల్యాబ్ అమ్మాయి ఆ ఒక్క కారణంతో వెళ్లలేకపోయింది. ఆమె టాక్ పేరు ప్రోగ్రామ్‌లో అలాగే ఉండిపోయింది. ముందు అంగీకార పత్రాలు, ఆ వెంటనే వీసా ఉత్తరాలు, తర్వాత సహాయం నిర్ణయం, ఆఖర్న రిజిస్ట్రేషన్ గడువు. ఈ వరస తప్పితే విద్యార్థులు రారు.

పాత_సంచికలు
అసోసియేషన్ ఫర్ సింబాలిక్ లాజిక్ విద్యార్థులకి ప్రయాణ సహాయం ఇస్తుంది. 1936 నుంచి ఉన్న సంస్థ. వాళ్ల ప్రాయోజకత్వం ఉన్న సమావేశమైతే అడగొచ్చు. కొత్త_కండిషన్, మీరూ చూడండి.

కొత్త_కండిషన్
చూస్తానండి. ఇంకొకటి, నల్లబల్ల మీద చెప్పాలా, స్లైడ్లా? 20 నిమిషాలకి.

మాన్‌స్టర్_మోడల్
20 నిమిషాలకి స్లైడ్లే. గంట టాక్‌కి బల్ల.

ఫోర్సింగ్_పక్షం
ఒప్పుకోను. బల్ల మీద చేయి ఎంత వేగంగా నడుస్తుందో వినేవాడి బుర్ర అంతే వేగంగా నడుస్తుంది. స్లైడ్ నొక్కితే ఒక్కసారి పన్నెండు చిహ్నాలు మీద పడతాయి.

మాన్‌స్టర్_మోడల్
నిర్వచనం రాయడానికే ఆరు నిమిషాలు పోతే? చేతిరాత బాగోనివాళ్ల సంగతి? వెనక వరసలో కూర్చున్నవాళ్లకి సబ్‌స్క్రిప్ట్ కనబడుతుందా?

టైప్_తనిఖీ
నిర్వచనాలు స్లైడ్ మీద, వాదం బల్ల మీద. రెండూ ఉన్న హాలు వెతకండి. చాలా హాళ్లలో తెర దిగితే బల్ల మూసుకుపోతుంది. నల్లబల్ల గారూ, హాలు ఖాయం చేసే ముందు తెర దింపించి చూడండి.

నల్లబల్ల
ఈ మాట ఇక్కడ వినకపోతే నాకు తట్టేదే కాదు. రేపే వెళ్లి చూస్తా.

కట్_ఎలిమినేషన్
ప్రశ్నల టైం సంగతి ఎవరూ ఎత్తలేదు. 20 నిమిషాలంటే 15 చెప్పడానికి, 5 ప్రశ్నలకి అని సెషన్ ఛైర్ ముందే గట్టిగా చెప్పాలి. చాలాచోట్ల ఛైర్‌గా కూర్చున్నాయన మొహమాటపడి వదిలేస్తాడు. ప్రశ్నలు ఎగిరిపోతాయి. అసలు పని జరిగేది ప్రశ్నల్లోనే.

పాత_సంచికలు
దీనికి కోనిగ్స్‌బర్గ్ సమావేశం కన్నా పెద్ద సాక్ష్యం లేదు. 1930 సెప్టెంబర్ 5 నుంచి 7 దాకా అక్కడ గణిత పునాదుల మీద సమావేశం జరిగింది. లాజిసిజం (గణితమంతా లాజిక్కే అనే వాదం) గురించి కార్నప్, ఇంట్యూషనిజం (నిర్మించి చూపిందే గణితం అనే వాదం) గురించి హేటింగ్, ఫార్మలిజం (గణితాన్ని చిహ్నాల నియమాలుగా చూసే వాదం) గురించి ఫాన్ నాయ్‌మన్ పెద్ద ఉపన్యాసాలిచ్చారు. లాజిక్ పండితుడు గోడెల్‌కి 6న దొరికింది 20 నిమిషాల టాక్. మాట్లాడింది కంప్లీట్‌నెస్ సిద్ధాంతం (లాజిక్‌గా తప్పక నిజమయ్యే ప్రతి ఫస్ట్ ఆర్డర్ వాక్యానికీ నిరూపణ ఉందని) మీద. ఇన్‌కంప్లీట్‌నెస్ (గణిత వ్యవస్థల్లో నిరూపించలేని నిజాలుంటాయని) మాట బయటపడింది మరునాడు, ఆఖరి రోజు చర్చలో. అదీ క్లుప్తంగా. ఆ హాల్లో దాని బరువు అప్పటికప్పుడు పట్టుకున్నది ఫాన్ నాయ్‌మన్. చర్చ ముగియగానే గోడెల్‌ని పక్కకి పిలిచి వివరాలు అడిగాడు. కొన్ని వారాలకి రెండో ఇన్‌కంప్లీట్‌నెస్ సిద్ధాంతం (అలాంటి వ్యవస్థ తనలో వైరుధ్యం లేదని తానే నిరూపించుకోలేదని) తనకీ తట్టిందని ఉత్తరం రాశాడు. అప్పటికే గోడెల్ పేపరు జర్నల్‌కి పంపేశాడు. ఆ పేపరు 1931లో వచ్చింది.

ఆ ఆఖరి రోజు చర్చ "టైం లేదు" అని ఎత్తేసి ఉంటే? సిద్ధాంతం ఎలాగూ వచ్చేది. ఫాన్ నాయ్‌మన్‌కి అంత త్వరగా అందేది కాదు. మీ ప్రోగ్రామ్‌లో ఆఖరి రోజు ఖాళీ చర్చకి ఒక గంట ఉంచండి. టాక్‌లు తగ్గినా పర్లేదు.

ఫోర్సింగ్_పక్షం
ప్రతి గణిత ప్రశ్నకీ జవాబుందని నమ్మిన హిల్బర్ట్ "మనం తెలుసుకోవాలి, తెలుసుకుంటాం" అన్నది ఆ మర్నాడే, 8న, అదే ఊళ్లో. ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

లెమ్మా_చాలు
ఖాళీ గంట అంటే జనం రైలెక్కడానికి వాడుకుంటారు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఎవరుంటారు? రెండో రోజు పెట్టండి.

పాత_సంచికలు
ఇది నాకు తట్టలేదు. రెండో రోజే మేలు. జర్మనీలోని గణిత పరిశోధన కేంద్రం ఓబర్‌వోల్ఫాక్‌లో కూడా వారం మధ్యలో, బుధవారం మధ్యాహ్నం, టాక్‌లు లేకుండా అందరూ నడకకి వెళ్తారు. ఆ నడకలో మొదలైన మాటలు గురువారం బల్ల ఎక్కుతాయి.

మాన్‌స్టర్_మోడల్
సరే, సమాంతర సెషన్లు ఎలా జత చేస్తారు? సెట్ థియరీ, మోడల్ థియరీ ఒకేసారి పెట్టకండి. రెండూ కావాల్సినవాళ్లు చాలామంది.

ప్రయారిటీ_వాదం
కంప్యూటబిలిటీ, సెట్ థియరీ కూడా ఒకేసారి వద్దు. రెండింటినీ వాడే డిస్క్రిప్టివ్ సెట్ థియరీ వాళ్లు మధ్యలో నలిగిపోతారు.

టైప్_తనిఖీ
ప్రూఫ్ థియరీ, కంప్యూటర్ సైన్స్ అసలే వద్దు. సగంమంది ఉమ్మడి.

కట్_ఎలిమినేషన్
రివర్స్ మ్యాథమెటిక్స్ (ఏ సిద్ధాంతానికి ఏ సూత్రాలు కావాలో తేల్చేది) చేసేవాళ్లకి ప్రూఫ్ థియరీ, కంప్యూటబిలిటీ రెండూ కావాలి. ఇదీ రాసుకోండి.

లెమ్మా_చాలు
గ్రాఫ్ కలరింగ్ సమస్య (అంచుతో కలిసిన శీర్షాలకి ఒకే రంగు పడకూడదు) ఇచ్చారు ఆయనకి. అంచులు ఇంకా వస్తున్నాయి 😄

నల్లబల్ల
శీర్షాలు ఐదేగా, చేత్తో అయిపోతుంది. ప్రూఫ్ థియరీతో సెట్ థియరీ ఒక జత. కంప్యూటబిలిటీతో మోడల్ థియరీ ఇంకో జత. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే విడిగా, అప్పుడు రెండో హాలు ఖాళీ.

ప్రయారిటీ_వాదం
కంప్యూటబుల్ మోడల్ థియరీ చేసేవాళ్లం ఉన్నామండీ ఇక్కడ!

నల్లబల్ల
ఆ టాక్‌లు రెండే ఉన్నాయి. వాటిని ఉదయం ఉమ్మడి హాల్లోకి తెస్తా. ఇష్టమేనా?

ప్రయారిటీ_వాదం
ఇంతకన్నా ఏం కావాలి. ఉదయం హాల్లో మా మాట అందరికీ వినబడుతుంది.

దూరపు_ఓమెగా
ఆన్‌లైన్‌లో వినేవాళ్ల గురించి కూడా ఆలోచించండి. చిన్న పిల్లలతో ఉన్నా, ప్రయాణం కుదరదు. గతంలో ఒకచోట లింకు ఇచ్చారు గానీ బల్ల వైపు కెమెరా లేదు, మైకు వక్త దగ్గరే. ప్రశ్న అడిగినవాళ్ల గొంతు ఒక్కటీ వినబడలేదు. ఛైర్ ప్రతి ప్రశ్ననీ మైకులో తిరిగి చెప్తే చాలు, ఖర్చేం ఉండదు.

కట్_ఎలిమినేషన్
ఇది హాల్లో ఉన్నవాళ్లకీ మంచిదే. ముందు వరసలో ఇద్దరు గొణుక్కుంటే వెనక వాళ్లకి ఏం తెలుస్తుంది?

నల్లబల్ల
ఇక్కడి మాటలు పట్టుకుని కమిటీకి ఒక ప్రోగ్రామ్ చూపించా, ఒప్పుకున్నారు. ఉదయం అంతా ఒకే హాలు. రోజూ ఒక ట్యుటోరియల్ భాగం, ఒక ప్లీనరీ. మోడల్ థియరీ ట్యుటోరియల్ ఇచ్చే ఆవిడకి ఆక్స్ సిద్ధాంతం సంగతి రాశాను, తనూ అదే అనుకుంటోందట. మధ్యాహ్నం రెండు హాళ్లు, 20 నిమిషాల టాక్‌లు, మధ్యలో ఐదేసి నిమిషాల విరామం. రెండు హాళ్లలోనూ టాక్‌లు ఒకే నిమిషానికి మొదలవ్వాలి, లేచి మారేవాళ్లకి వీలుగా. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలపాటు ఓపెన్ ప్రాబ్లమ్స్ సెషన్, స్లైడ్లు నిషిద్ధం, బల్ల మాత్రమే. హాలు కూడా చూసొచ్చా. పెద్ద హాల్లో తెర దిగితే బల్ల సగం మూసుకుపోతోంది, అందుకని తెరని పక్క గోడకి మార్పిస్తున్నా. ఆన్‌లైన్ వాళ్లకి బల్ల మీదకి విడి కెమెరా పెడుతున్నాం.

తేలనిది ఒకటే. ఓపెన్ ప్రాబ్లమ్స్ సెషన్‌లో వచ్చినవి రాసిపెట్టేదెవరు? సీనియర్లు ఎవరూ ముందుకు రావట్లేదు.

ఫోర్సింగ్_పక్షం
సీనియర్లని అడగకండి, మాటల్లో పడి రాయడం మర్చిపోతారు. పీహెచ్‌డీ వాళ్లని ఇద్దరిని పెట్టండి. ఒకరు బల్ల ఫోటోలు తీయాలి, ఇంకొకరు సమస్యని, అడిగినవాళ్ల పేరుతో సహా టైప్ చేయాలి. ఆ రాత్రే ఎవరి సమస్య వాళ్లకి పంపి సరిచూపించండి. ఊళ్లకి వెళ్లిపోయాక జవాబివ్వరు. సరిచూశాకే వెబ్‌సైట్‌లో పెట్టండి. ఒక్క క్వాంటిఫయర్ (అన్నిటికీ, ఏదో ఒకదానికి అని చెప్పే గుర్తు) అటూ ఇటూ అయితే ఎవరో ఏడాదిపాటు వేరే సమస్య చేస్తారు.

కొత్త_కండిషన్
టైప్ చేసే పని నాకిస్తారా? ఆ తేదీల్లో ఖాళీయే. వినడానికి ఎలాగూ వస్తున్నా.

నల్లబల్ల
ఇచ్చేశా. మెయిల్ చూసుకో.